అమావాస్యనాడు నాలుగో మూల

దగ్గరికి జరగండి. గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లు కూడా లోపలికి రండి. హారతి అయిపోయింది, ప్రసాదం ఎక్కడికీ పోదు. పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండి, ఫోన్లు బోర్లా పెట్టండి. మార్కండేయస్వామి ఎదుట కూర్చుని అబద్ధం చెప్పే నోరు కాదిది. విన్నది విన్నట్టే చెబుతాను. ఎవరి దగ్గర విన్నానో ఆఖర్న చెబుతాను.

మన సూరత్ లింబాయత్‌లో మనవాళ్ల సాంచాల షెడ్లు, అదే మరమగ్గాల షెడ్లు, ఉన్నాయి కదా, వాటి వెనక సన్నగల్లీ. ఇటు నుంచి అటు సైకిలొస్తే మనిషి గోడకు అంటుకోవాలి. ఆ గల్లీ చివర నీలం తలుపు గది. దానికి చెడ్డపేరు రెండు విడతలుగా వచ్చింది.

మొదట — మాటలు. తాళం వేసిన గది. లోపల మనిషి లేడు. చీకటి పడగానే ఒక మూల నుంచి ఆడగొంతు... కాసేపటికి ఇంకో మూల నుంచి మగగొంతు... మళ్లీ మొదటి మూల. నెలంతా చడీచప్పుడూ ఉండదు. ఒక్క అమావాస్యనాడే.

తర్వాత — రెండేళ్ల నుంచి — మనిషి. అదే అమావాస్య రాత్రి కిటికీ సందులోంచి చూస్తే, లోపల పచ్చటి గుడ్డివెలుగు. ఆ వెలుగులో ఒక మగమనిషి మూలకు మొహం పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. కదలడు. మాట్లాడడు.

ఎదురింట్లో చీరల దారాలు కత్తిరించే చిన్నవ్వ కళ్లారా చూసింది. చూసి, చేతిలో కత్తెర అక్కడే పడేసి ఇంట్లోకి పరుగెత్తింది. మర్నాడు కిటికీకి నిమ్మకాయలు కట్టింది. ఇప్పటికీ కడుతూనే ఉంది.

ఆ మనిషి సంగతే చెబుతున్నాను. జాగ్రత్తగా వినండి.

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల వెనక అంబదాస్ అని రేడియో మెకానిక్ ఉన్నాడు. మన కరీంనగర్ వైపు పద్మశాలి. పద్నాలుగేళ్లు సాంచాల మీద పని చేసి, ఆ మోత పడలేక రిపేరు పని నేర్చుకున్నాడు. చేతి పని మంచిది. మిక్సీ తెచ్చినా కాదనడు గానీ, ఆయన ప్రాణమంతా పాత సెట్ల మీదే.

పాత సెట్లంటే — మామూలు స్టీరియోకు రెండు నోళ్లు. ఒకప్పుడు, యాభై ఏళ్ల కిందట, నాలుగు నోళ్ల సెట్లు చేశారు. క్వాడ్రఫోనిక్ రిసీవర్ అంటారు. గదికి నాలుగు మూలల్లో నాలుగు స్పీకర్లు, నడుమ మనం. పాట మన చుట్టూ తిరుగుతుంది. నాలుగేళ్లు చేసి కంపెనీలు చేతులెత్తేశాయి. లోపల వైర్లు చూస్తే ఎందుకు ఎత్తేశాయో తెలుస్తుంది. మామూలు మెకానిక్ మూత తెరిచి, దణ్ణం పెట్టి మళ్లీ మూసేస్తాడు. సూరత్‌లో అది చేసేది అంబదాస్ ఒక్కడే.

ఒక్కడే అన్నాను... కాదు. ఇద్దరు.

భార్య లత. దుకాణంలో గది నడుమ స్టూలు వేసుకుని ఆమె కూర్చునేది. అంబదాస్ సెట్టు దగ్గర నిలబడి గుండీలు తిప్పేవాడు. ఏ మూల గొంతు బొంగురు, ఏ మూల తక్కువ — లత నోటితో చెప్పదు, వేలితో చూపిస్తుంది. పైకి చూపిస్తే పెంచాలి, కిందికి చూపిస్తే తగ్గించాలి. సాంచాల షెడ్లో పెరిగిన పిల్ల కదా... ఆ మోతలో సైగలే మాటలు.

నువ్వే విని చూసుకోవచ్చు కదయ్యా అని ఎవరైనా అంటే, నేను మీటర్ల ముళ్లు చూడాలె, ఆమె చెవులు మంచియి అనేవాడు. అసలు సంగతి వేరు. పద్నాలుగేళ్ల మోత అతని ఎడమచెవి తినేసింది. గట్టిగా అరిస్తే ఏదో వినబడుతుంది, మెల్లగా అంటే గోడే. చప్పుడు బాగుచేసేవాడికి చెవి లేదని తెలిస్తే సెట్టు ఎవరిస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నదానికీ చెప్పలేదు. తనకొక్కడికే తెలుసనుకున్నాడు.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. లత ఎప్పుడూ మొగుడికి కుడిపక్కనే నడిచేది. ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు — ఎడమపక్కన ఉండాల్సినదానివి అటెందుకు పోతావే, మొగుణ్ణి నువ్వు ఏలుతున్నావా అని. అటు ఎండ కొడుతుంది అనేది. మబ్బు పట్టిన రోజు అడిగితే, అటు బురద అనేది. ఒకసారి ఈ గుళ్లోనే, ఈ స్తంభాల మధ్యే అడిగారు. ఇక్కడ ఎండా లేదు, బురదా లేదు. నవ్వి ఊరుకుంది.

సరే. నాలుగు మూలలూ పరీక్ష చెయ్యాలంటే నాలుగు దారుల టేపు కావాలి, ఒక్కో మూలకు ఒక్కో దారి. బజారులో దొరకదు. పదిహేనేళ్ల కిందట వాళ్లే తయారు చేసుకున్నారు. ఎక్కడ? ఆ నీలం తలుపు గదిలోనే.

ఆ గది అప్పుడు రామలింగేశ్వరరావు గారిది. పబ్లిక్ సెక్టారు ఇంజనీరు, ఇచ్ఛాపూర్ వైపు పని చేసి రిటైరయ్యారు. పాటంటే చెవి కోసుకుంటారు. ఓడలు విరగ్గొట్టే అలంగ్ బజారులో, ఏదో ఓడ నుంచి తీసిన నాలుగు మూలల రిసీవరూ దాని చుట్టల టేపు మిషనూ కొన్నారు. ఇంటికి తెస్తే వాళ్లావిడ శేషారత్నం గారు — ఆ నాలుగు పెట్టెలు ఈ గడప దాటితే నేను ఆ గడప దాటతాను — అన్నారట. పాపం ఆయన ఇంకేం చేస్తారు? చౌకగా గది అద్దెకు తీసుకుని, పెట్టెలు గోడలకు బిగించి, సాయంత్రాలు అక్కడికొచ్చి కూర్చునేవారు.

ఆ గదిలో అంబదాస్ మిషను దగ్గర వంగి చుట్ట తిరగడం చూస్తున్నాడు. లత మైకు పట్టుకుని ఒక్కో మూలకు వెళ్లి ఒక్కో మాట చెప్పింది. ముందు ఎడమ. ముందు కుడి. వెనక కుడి. వెనక ఎడమ. గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే తిరిగింది. మిషను వైపు తిరిగి ఉన్నవాడికి ఆఖరి మూల — ఎడమపక్కన, వీపు వెనక.

అప్పట్నుంచి ప్రతి సెట్టుకూ అదే టేపు. టేపులో లత పలికేది, స్టూలు మీద లత వేలు చూపించేది. అంబదాస్ కళ్లు ముళ్ల మీద కాదు — ఆ వేలి మీదే ఉండేవి.

రెండున్నరేళ్ల కిందట లతకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. అయిపోయింది.

అంబదాస్ ఏడవలేదు. ఆపుకోలేదు... రాలేదు. పదకొండో రోజు దాటగానే దుకాణం తీశాడు. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. సోల్డరింగ్ కడ్డీ వేలికి తగిలితే కాలిన సంగతి వాసన వల్ల తెలిసింది. మనవాళ్లు రాయి అన్నారు. ఆయన కాదనలేదు.

ఒక రాత్రి లత గొంతు గుర్తు చేసుకుందామనుకున్నాడు. మొహం వచ్చింది. పెదాలు కదిలాయి. చప్పుడు లేదు... సాంచాల మధ్య మనిషి మాట్లాడినట్టు. మర్నాడు మళ్లీ చూశాడు. అంతే. గొంతు పోయింది.

గొంతు ఉన్నది ఒక్క టేపులో. అది ట్రంకుపెట్టె అడుగున ఉంది. తియ్యలేదు. పాత టేపు, తిరిగినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుతుంది, తెగినా తెగుతుంది. కానీ అసలు భయం అది కాదు. ఆయన నాతో చెప్పిన మాటే చెబుతున్నాను — "పెట్టి ఇన్నంక గూడ నాకేం గాకపోతే? ఇగ నా దగ్గరేం మిగులుతది?"

అలా ఏడు నెలలు.

ఇటు రావు గారికి మోకాలి ఆపరేషన్ అయ్యి ఎనిమిది నెలలుగా ఆ గదికి రాలేదు. ఆ ఎనిమిది నెలల్లోనే దెయ్యం పుట్టింది. గల్లీవాళ్లు గది ఖాళీ చెయ్యమన్నారు. రావు గారు ఫోన్ చేశారు. ఒక్కసారి ఆ సెట్టు నాలుగు మూలలా పలికించి పెట్టవోయ్, విని ఎవరికైనా ఇచ్చేస్తాను, మోయడం నా వల్ల కాదు అన్నారు.

అంబదాస్ సరేనన్నాడు. సరే అనడానికి ఏమీ అనిపించనక్కర్లేదు కదా.

తాళంచెవి రాజనర్సు దగ్గర ఉంది. షెడ్లో జాబరు, సాంచాలు సరిచేసే మేస్త్రీ, నోరు ఊరుకోదు. ఏ రోజు పోతావు అని అడిగాడు. అమావాస్యనాడు పోత అన్నాడు అంబదాస్. ఎందుకంటే మిగతా రోజుల్లో ఆ గల్లీలో రాత్రీ పగలూ సాంచాలు ఆడతాయి. గోడలు కూడా వణుకుతాయి. నాలుగు మూలలు పరీక్ష చెయ్యాలంటే నిశ్శబ్దం కావాలి. ఆ గల్లీ షెడ్లకు అమావాస్యనాడే రజా, సెలవు.

రాజనర్సు తాళంచెవి అరచేతిలో పెట్టి మూసుకున్నాడు. "గా దెయ్యం గూడ గంతే అంబదాసన్నా. మనకు రజా ఉన్ననాడే దానికి డ్యూటీ."

నవ్వుతూనే ఇచ్చాడు. గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు, లోపలికి రాలేదు.

రాత్రి ఎనిమిది.

సాంచాలు ఆగిన గల్లీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెవుల్లో దూది పెట్టినట్టు. చిన్నవ్వ గడపలోంచే చెయ్యి ఊపింది, వద్దు బిడ్డా అని. అంబదాస్ నీలం తలుపు తోశాడు.

ఫోను లైటు వేశాడు. దుమ్ము. ఎలుకల వాసన. గది నడుమ స్టూలు — రావు గారిది. ఎదురుగా సెట్టు...

సెట్టు అద్దం లోపల పచ్చటి వెలుగు. తాళం వేసిన గదిలో... వెలుగుతోంది.

ఒక అడుగు వేశాడు. టక్ — అని ఏదో కొట్టుకుంది.

వెనక మూల నుంచి ఆడమనిషి మాట్లాడింది.

అంబదాస్ కదల్లేదు. భయంతో కాదు. భయం వెయ్యాల్సిన చోట ఏమీ లేదు. ఊరికే నిలబడి విన్నాడు. ఆడగొంతు ఆగింది... ముందు మూల నుంచి మగగొంతు మొదలైంది. మాటలు గుజరాతీ. పత్తి ధర... వేరుశనగ ధర... రేపు ఎండ ఎంత...

రేడియో.

రావు గారు ఎనిమిది నెలల కిందట స్విచ్ ఆపకుండా వెళ్లిపోయారు. అంబదాస్ మీటరు తీసి ప్లగ్గులో పెట్టి చూశాడు. రెండు వందల ముప్పై రెండు వోల్టులు. సాంచాలన్నీ ఆడే రోజుల్లో ఆ గల్లీలో నూట అరవై దాటదు. అంత తక్కువ కరెంటుకు ఆ సెట్టు స్పీకర్లను కలపదు. లోపలి రిలే, తనంతట తానే కొట్టుకునే స్విచ్చు, పట్టుకోదు. మూగదానిలా ఊరుకుంటుంది. సాంచాలు ఆగిన అమావాస్యనాడు, పక్క గల్లీల వాడకం కూడా తగ్గే చీకటివేళకు, కరెంటు నిండుగా వస్తుంది. రిలే టక్‌మని పట్టుకుంటుంది, దెయ్యం మాట్లాడుతుంది. లోపల స్విచ్చు ఆకులు నల్లబడ్డాయి, అందుకే గొంతు మూల నుంచి మూలకు దూకుతోంది.

ఇంకొకరైతే పగలబడి నవ్వేవాళ్లు. ఆయన తీగ పీకి, చొక్కా చేతులు మడిచి, పనికి కూర్చున్నాడు.

మూత తీశాడు. స్విచ్చు కడిగి నలభైసార్లు అటూ ఇటూ తిప్పాడు. వెనక ఎడమ మూల బోర్డు మీద రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, మార్చాడు. ఊడిన టంకం మళ్లీ పెట్టాడు. తన పద్ధతి ప్రకారం నడుమ బల్బు పెట్టి కరెంటిచ్చాడు — లోపల తప్పుంటే ఆ బల్బు భగ్గుమని వెలిగి అలాగే ఉంటుంది, లేకపోతే ఒకసారి వెలిగి మెల్లగా తగ్గిపోతుంది. వెలిగింది... తగ్గింది. సెట్టు బాగుంది.

ఇక పరీక్ష.

పరీక్షకు ఇంకో టేపు లేదు కాబట్టి, ట్రంకుపెట్టె అడుగు నుంచి తెచ్చిన ఆ టేపునే సంచిలోంచి తీశాడు. మిషనుకు ఎక్కించాడు. సెట్టు ముందు నిలబడి అలవాటు కొద్దీ వెనక్కి చూశాడు. స్టూలు ఖాళీ. చూడ్డానికి వేలు లేదు. మీట నొక్కాడు.

"ముందు... ఎడమ."

లత.

అదే గొంతు. గుర్తుపట్టాడు. "ముందు... కుడి." ఎదురుచూశాడు — గొంతుకు ఏదైనా అడ్డుపడుతుందేమో, కళ్లు మండుతాయేమో. "వెనక... కుడి." బాగానే పలుకుతోంది అనుకున్నాడు. కరకర లేదు అనుకున్నాడు. "వెనక... ఎడమ." నాలుగూ సమానం.

అంతే. ఏమీ కాలేదు.

భయపడ్డదే అయ్యింది. పని అయిపోయింది కాబట్టి మిషను ఆపడానికి చెయ్యి చాచాడు. చూసే వేలు లేదు కదా... కళ్లు ముళ్ల మీద పడ్డాయి.

నాలుగు మూలలకు నాలుగు ముళ్లు. మూడు పడుకుని ఉన్నాయి.

నాలుగోది కదులుతోంది.

చిన్నగా. లేచి... పడి... లేచి. మనిషి మాట్లాడితేనే ముల్లు అలా ఆడుతుంది. కరెంటు తప్పయితే వణుకుతుంది, ఆడదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాడు — పొరపడడు.

వెనక మూలలో ఎవరో మాట్లాడుతున్నారు. చప్పుడు లేదు.

ముల్లు ఆగింది. కాసేపు ఎదురుచూస్తున్నట్టు ఆగింది... మళ్లీ కదిలింది.

అంబదాస్ వెన్ను మీద జిల్లుమంది. ఏడు నెలల్లో ఆ ఒంటికి తెలిసిన మొదటి సంగతి అది. మాట్లాడేది తన వెనక ఉంది. గదిలో తనొక్కడే. తిరగాలి. స్వామిని తలుచుకున్నాడు. మెల్లగా, ఒక్కసారిగా కాకుండా మెల్లగా, వెనక్కి తిరిగాడు.

తిరగ్గానే — పదమూడేళ్లుగా ఎడమ చెవి వైపున్న మూల కుడిచెవి వైపుకొచ్చింది.

"...వక్కకు వస్త."

గుసగుస. టేపు ముందుకు పోయింది, మిగిలింది ఊరికే గాలి.

అంబదాస్ మిషను ఆపాడు. మీటతో వెనక్కి తిప్పితే టేపు తెగుతుందని చుట్టలో వేలు పెట్టి కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పాడు. పొడి వేలికి అంటింది. మీట నొక్కి, ఆ మూలకు వెళ్లి, కుడిచెవి స్పీకరు గుడ్డకు ఆనించాడు.

"వెనక... ఎడమ." అది గట్టిగా, పరీక్ష కోసం.

తర్వాత... మెల్లగా, మైకుకు పెదాలు ఆనించి —

"ఓయ్... ఇనవడుతుందా? ఇనవడితే జర చెయ్యెత్తు."

గాలి. దూరంగా పదమూడేళ్ల కిందటి మనిషి దగ్గు. అది తన దగ్గే. మిషను మీద వంగి, వీపు పెట్టి, చుట్టను చూస్తున్న తను.

"మల్ల అంటున్న. ఇనవడితే చెయ్యెత్తు."

చాలాసేపు ఏమీ లేదు. ఒక చిన్న నవ్వు... నవ్వు కాదేమో, ఊపిరి.

"సరే తీయ్. ఇగ నేనే అటువక్కకు వస్త."

మైకు తీగ నేల మీద ఈడ్చుకుపోయిన చప్పుడు. అడుగులు. అటు నుంచి ఇటు... కుడిపక్కకు.

అంబదాస్‌కు అప్పుడు ఎండ గుర్తొచ్చింది. బురద గుర్తొచ్చింది. మంచం మీద కుడిపక్క, అన్నం దగ్గర కుడిపక్క, సిటీ బస్సులో కిటికీ సీటు వదులుకుని మరీ కుడిపక్క. ఎన్నో సెట్లకు ఈ టేపు వేశాడు. వేసిన ప్రతిసారీ ఆమె నడుమ స్టూలు మీద కూర్చుని తన గుసగుస తనే వింది. మొగుడు చెయ్యెత్తలేదు. ఏమీ అనకుండా వేలితో మూల చూపించింది. ఆయన పరువు ఆయనకు ఉంచింది.

టేపు ఆగింది. గదిలో పచ్చటి వెలుగు. గల్లీలో నిశ్శబ్దం.

మూలకు మొహం పెట్టి నిలబడ్డ ఆ మనిషి... కుడిచెయ్యి పైకెత్తాడు.

ఎంతసేపు ఎత్తి ఉంచాడో ఆయనకు తెలియదు. అప్పుడే చిన్నవ్వ కిటికీలోంచి తొంగిచూసింది. మొహం మూలకు ఉంది కదా, లోపలికెళ్లిన బిడ్డేనని పోల్చుకోలేదు.

రావు గారు ఆ సెట్టు విన్నారు, మెచ్చుకున్నారు, అంబదాస్‌కే ఇచ్చేశారు. చెడ్డపేరున్న గది కాబట్టి ఇంకెవరూ రాలేదు. దాన్ని కిరాయికి తీసుకున్నది కూడా ఆయనే. రేడియో ఆపేశాడు, మాటలు ఆగిపోయాయి. ఆ టేపు మళ్లీ వేయలేదు, రాలిపోతుందని. అమావాస్య అమావాస్యకు సెట్టు మాత్రం వెలిగిస్తాడు. కాసేపు చెయ్యెత్తి నిలబడతాడు. ఇంటికొచ్చి అన్నం తింటాడు. ఏడుపు వచ్చిందా అని అడిగాను. అన్నం ఉప్పగుందని తెలుస్తున్నదన్నాడు.

ఎవరి దగ్గర విన్నానో చెబుతానన్నాను కదూ. అదిగో, రెండో స్తంభానికి ఆనుకుని, తెల్లచొక్కా. చెవి సంగతితో సహా చెప్పమన్నది ఆయనే. అందరూ ఒక్కసారి తిరిగి చూడకండి, సిగ్గుపడతాడు. కథ మొత్తం వినబడి ఉంటుంది. ఆయన కుడిచెవి ఇటే ఉందని చూసుకునే నేనిక్కడ కూర్చున్నాను.

పిల్లలూ, దెయ్యాన్ని మరిచిపోయినా ఫరవాలేదు. లత చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒక పక్క వినబడదు. చెప్పుకోరు. మీరు కనిపెట్టండి. కనిపెట్టి, ఆ మాట ఎత్తకుండా, లేచి ఇవతలి పక్కకు వెళ్లి కూర్చోండి. ఎందుకొచ్చావని అడిగితే ఎండ అనండి. రేపు మళ్లీ అలాగే కూర్చోండి.

ప్రసాదం తీసుకోవడానికి లేచేటప్పుడు, ఆయన పక్కనుంచి వెళ్లేవాళ్లు... కుడిపక్క నుంచి వెళ్లండి.